పుష్‌రాడ్ల పంచాయతీ: బుల్లెట్ మీద మంగంపేట పెండ్లికి

కర్నూలు నుంచి కడపకు బస్సులో పోయినవాళ్ళను దారిలో ఏముందని అడిగితే ఏమీ లేదంటారు. వాళ్ళు చెప్పేది నిజమే, ఎందుకంటే వాళ్ళు నిద్రపోతారు. నేను నాన్న వదిలిపోయిన పాత బుల్లెట్ మీద పోయాను కాబట్టి నిద్ర రాలేదు, దారంతా కనిపించింది. ఊరికొకచోట ఆగాల్సి వచ్చింది కాబట్టి మనుషులు కూడా కనిపించారు.

నా పేరు రూతమ్మ. కర్నూల్లో ఒక బడిలో డ్రిల్లు టీచర్ని. మా ఆయన ఆనందరావు ఒక కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంటు. బండి నేను నడుపుతాను, ఆయన వెనక కూర్చుంటారు. బుల్లెట్ గురించి ఆయనకు తెలియని విషయం లేదు, నడపడం తప్ప. పెళ్ళైన కొత్తలో ఒకసారి కిక్కు కొట్టబోతే అది ఎగతన్నింది. ఆయన మూడురోజులు కుంటుతూ నడిచారు. ఆ తర్వాత బండి జోలికి పోకుండా ఫోన్లో వీడియోలు చూసి పాండిత్యం సంపాదించారు.

నాన్న ఉపదేశి. నందికొట్కూరు చుట్టుపక్కల పల్లెల్లో బైబిలు వాక్యం చెప్పడానికి ఆ బండి మీదే తిరిగేవాడు. అన్నయ్య దేవదానానికి మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) గనుల్లో ఉద్యోగం. అన్నయ్య కూతురు షారోన్‌కు పెళ్ళి కుదిరింది. పెళ్ళికి వారం ముందు అది ఫోన్ చేసింది.

"అత్తా, నాకు కారు వద్దు. తాత బండి మీదనే గుడికి వస్తా. నువ్వే తోలుకొని రావాల."

వెనకాలే అన్నయ్య ఫోన్ లాక్కున్నాడు. "దాని మాట ఇనొద్దమ్మా. ఆ ఇనుము ఈడిదాకా యాడ వస్తాది? నేను కారు మాట్లాడినా. మీరు బస్సులో రాండి. దాన్ని పాత సామాన్లోనికి ఏసెయ్."

"వస్తే?" అన్నాను.

"వస్తే అది షారోనుదే, తీస్కోమను."

ఆ మాటతో నేను బండి కడిగాను.

ఓర్వకల్లు: టకటక

పెళ్ళికి ముందురోజు పొద్దున బయలుదేరాం. ఓర్వకల్లు రాళ్ళు వచ్చేసరికి ఎండ ఇంకా ముదరలేదు. ఒక హోటలు ముందు ఆపి ఉగ్గాని తిన్నాం. ఉగ్గాని తెలియనివాళ్ళకు చెబుతున్నాను: బొరుగులు తడిపి, నీళ్ళు పిండేసి, పచ్చిమిరపకాయ, పుట్నాలపొడి వేసి తాలింపు పెడతారు. పక్కన మిరపకాయ బజ్జీ ఉండాలి. బజ్జీతో కలిపి ప్లేటు నలభై రూపాయలు. కడపవాళ్ళు కూడా చేస్తారు గానీ మేము కర్నూలువాళ్ళం దాన్ని లెక్కలోకి తీసుకోం.

తిన్నాక బండి స్టార్ట్ చేసి, పక్కన నిలబడి విన్నాను. కుడిపక్క నుంచి టకటకమని చప్పుడు వస్తోంది. పొద్దున ఆ చప్పుడు లేదు. హెల్మెట్ నా చేతిలో ఉంది, హ్యాండిల్ మీద నా చెయ్యి ఉంది. చుట్టూ చేరిన నలుగురూ మా ఆయన్ను చుట్టుముట్టారు.

"ఏమన్నా, ఎంతిస్తాది?"

"ముప్పై ఐదు," అన్నారు ఆయన, స్వయంగా పెట్రోలు తాగి చెప్పినంత నమ్మకంగా.

"టాపెట్లు కొడతాండాయి కదన్నా. పుష్‌రాడ్లు మార్పిచ్చు. అడ్జస్టబుల్‌వి తీసేసి ఫిక్స్‌డ్‌వి ఏపిచ్చు. ఇంగ జన్మలో సెట్టింగ్ ఉండదు."

"నేనూ అదే అనుకుంటున్నా," అన్నారు ఆయన. ఆ మాట ఆయన అప్పుడే వినడం నాకు తెలుసు.

ఈ కథకు అవసరమైనంత వరకు పుష్‌రాడ్లంటే ఇంతే: ఇంజన్ లోపల రెండు సన్నని రాడ్లు నిలబడి ఉంటాయి. అవి కిందినుంచి పైకి తోస్తే వాల్వులు తెరుచుకుంటాయి. ఒకటి పెట్రోలు గాలిని లోపలికి రానిస్తుంది, రెండోది పొగను బయటికి పంపుతుంది. రాడ్డు పొట్టిదైతే టకటక కొట్టుకుంటుంది, టాపెట్లు కొట్టడమంటే అదే. పొడుగైతే వాల్వు మూసుకోదు, అప్పుడు బండి నడవదు. పాత బుల్లెట్‌లో రాడ్డు కింది కొసన ఒక మర, నట్టు ఉంటాయి. వాటిని తిప్పి రాడ్డును అవసరమైనంత పొడుగో పొట్టో చేసుకోవచ్చు. అది అడ్జస్టబుల్. మర లేకుండా ఒకే ముక్కగా ఉండేది ఫిక్స్‌డ్.

మా ఊళ్ళలో మనుషులు రెండుగా చీలడానికి ఇంతకంటే చిన్న విషయాలు కూడా సరిపోతాయి.

నంద్యాల: రోడ్డుకు ఇటు, రోడ్డుకు అటు

నంద్యాలలో మస్తాన్ భాయ్ షెడ్డు దొరికింది. తెల్లగడ్డం, నూనె మరకల లుంగీ. ఇంజన్ పక్కనున్న చిన్న మూత విప్పి, రాడ్డును పట్టుకొని కదిపాడు.

"ఒకదానికి మర అరిగిపోయింది. నట్టు నిలబడదు. బిగిస్తాండా గానీ మళ్ళా వదులైతాది. మెల్లగ పోండి, యాభై కిలోమీటర్లకొకసారి బిగించుకోండి. మైదుకూర్లో కొత్త జత దొరుకుతాది."

ఆయన ఈ మాటంతా మా ఆయనతో చెప్పాడు. మా ఆయన నా వైపు తిరిగి, "మర అరిగిందంట. మైదుకూర్లో కొత్తవి దొరుకుతాయంట," అని తెలుగును తెలుగులోకి మార్చి చెప్పారు.

అంతలో రోడ్డుకు అవతల నుంచి ఒకాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పేరు ఓబులేసు, ఎదురుగా ఇనుప కడ్డీలు తిప్పి కోసే లేత్ మిషన్ షాపు ఆయనదే. మేము పెళ్ళికి పోతున్నామని అప్పటికే విన్నాడు.

"యాభై కిలోమీటర్లకొకసారి నిలబడి బిగించుకుంటా పోతే పెండ్లికి పోతారా, సీమంతానికి పోతారా? ఈడనే ఒక గంటలో ఫిక్స్‌డ్ రాడ్డు తిప్పి ఇస్తా. నట్టు ల్యాదు, మర ల్యాదు. ల్యానిది ఎట్ల వదులైతాది?"

"వాల్వు అరిగినప్పుడు ఏం జేస్తావ్ రా?" అన్నాడు మస్తాన్ భాయ్.

"రాడ్డు కొస గీకుతా."

"పొట్టిదైతే?"

"కింద రేకు పెడతా."

అక్కడికి టీ తాగడానికి వచ్చినవాళ్ళు, టైరుకు గాలి పట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు, ఊరికే వచ్చినవాళ్ళు రెండు వర్గాలైపోయారు. ఇటువైపు షెడ్డు నీడలో అడ్జస్టబుల్ వర్గం, అటువైపు లేత్ షాపు నీడలో ఫిక్స్‌డ్ వర్గం. ఎండ తిరిగి షెడ్డు నీడ తగ్గేసరికి అడ్జస్టబుల్ వర్గంలో చాలామంది అభిప్రాయం మార్చుకొని రోడ్డు దాటారు. కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దమనిషి, "ఫారిన్‌లో అంతా ఫిక్స్‌డే," అని తేల్చేశాడు. ఆయనకు సైకిలు కూడా లేదని పక్కవాడు నా చెవిలో చెప్పాడు.

నేను అడిగాను: "కొలత కాగితమంత తేడా వచ్చినా వాల్వు మూసుకోదు కదా?"

ఓబులేసు నా ప్రశ్నకు జవాబు మా ఆయనకు చెప్పాడు. "అన్నా, అక్కకు చెప్పు, నా చెయ్యి తేడా రాదు."

"తేడా రాదంట," అన్నారు మా ఆయన. తర్వాత గొంతు సవరించుకొని, ఆఫీసులో ఫైలు మీద రాసే పద్ధతిలో, "ఫిక్స్‌డ్‌కే పోదాం" అన్నారు. అటువైపు వర్గం చప్పట్లు కొట్టింది. మరుసటి రోజు పొద్దున్నే పెళ్ళి. దారిలో నిలబడి నట్లు బిగించుకునే ఓపిక నాకూ లేదు. సరేనన్నాను.

రాడ్డు తయారయ్యేలోపు మధ్యాహ్నమైంది. జొన్నరొట్టె, గుత్తివంకాయ తిని వచ్చేసరికి బండి సిద్ధంగా ఉంది. కిక్కు కొట్టాను. చప్పుడు లేదు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. మస్తాన్ భాయ్ మాత్రం తల అటూ ఇటూ ఊపి, తన ఫోన్ నంబరు ఒక అట్టముక్క మీద రాసి నా చేతికిచ్చాడు. రోజంతటిలో ఒక మగవాడు నా చేతికి ఇచ్చిన మొదటి వస్తువు అదే.

చాగలమర్రి దాటాక: చల్లారేదాకా

ఆళ్ళగడ్డ దాకా బండి మెత్తగా పోయింది. వెనక నుంచి మా ఆయన ప్రతి పదినిమిషాలకూ, "చూశావా? చప్పుడుందా?" అంటూ వచ్చారు. చాగలమర్రి దాటాక చప్పుడు మాత్రమే కాదు, బలం కూడా లేకుండా పోయింది. సైలెన్సరు రెండుసార్లు తుపాకీలా పేలింది. బండి ఆగిపోయింది.

కిక్కు కొట్టాను. మామూలుగా బుల్లెట్ కిక్కు కాలికి ఎదురుతిరుగుతుంది. ఇప్పుడది ముద్దన్నంలో చెయ్యి పెట్టినట్టు దిగిపోయింది. అంటే వాల్వు మూసుకోవడం లేదు. ఇంజన్ వేడెక్కిన కొద్దీ లోపలి ఇనుము సాగి, కాగితమంత సందు కూడా వదలని ఓబులేసు రాడ్డు దాన్ని మూసుకోనీకుండా పట్టి నిలబెట్టింది. పొద్దున్నుంచి మేము జబ్బనుకున్న టకటక కాస్తో కూస్తో ఆరోగ్యమేనని, ఈ నిశ్శబ్దమే అసలు జబ్బని అప్పుడు తెలిసింది.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాను.

"చల్లారనీ," అన్నారు మా ఆయన. ఆ రోజు ఆయన ఇచ్చిన సలహాల్లో పనికొచ్చింది అదే. చల్లారాక బండి నడిచింది. ఆరేడు కిలోమీటర్లు పోయి మళ్ళీ ఆగింది. మళ్ళీ చల్లార్చాం.

దువ్వూరు దగ్గర ఆగినప్పుడు పక్క చేలో పసుపు తవ్వుతున్న ఆడవాళ్ళు గట్టెక్కి వచ్చారు. చేతులు మోచేతుల దాకా పసుపుపచ్చగా ఉన్నాయి. వాళ్ళలో పెద్దామె, పేరు లక్షుమ్మ, నేరుగా నా దగ్గరికొచ్చింది.

"ఏమ్మా, నీదేనా బండి?"

ఆ ప్రశ్న అంత తీయగా ఉంటుందని నాకు తెలియదు. "నాదే. మా నాయనది," అన్నాను.

"ఏమైంది?"

"వేడెక్కితే కదలడం లేదు."

లక్షుమ్మ బండిని చూసింది, రాయి మీద ఎండకు ఎర్రబడి కూర్చున్న మా ఆయన్ను చూసింది. "మా ఇంట్లో ఆయన గూడా అంతేలే," అంది. ఆడవాళ్ళందరూ నవ్వారు. మా ఆయన ఫోన్ చూస్తున్నట్టు నటించారు గానీ ఆయన ఫోన్లో చార్జింగ్ ఎప్పుడో అయిపోయింది.

వాళ్ళు సద్దిమూటలోంచి రెండు సద్దరొట్టెలు, అంటే సజ్జరొట్టెలు, చెనిక్కాయల పొడి పెట్టారు. తింటుంటే షారోన్ ఫోన్ వచ్చింది.

"అత్తా, యాడ ఉండారు? నాయన కారుకు పూలు కట్టిస్తాండాడు."

"కట్టించుకోనీ. మేం దువ్వూర్లో రొట్టె తింటున్నాం," అన్నాను. ఫోన్ పెట్టేశాక లేచి ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూశాను, ఇంకా కాలుతోంది. రేపు పొద్దున షారోన్ తెల్లచీర కట్టుకొని గేటు దగ్గర నిలబడి రోడ్డు వైపు చూస్తూ ఉంటుందని తలచుకున్నాను. పెళ్ళికి అది నన్ను అడిగింది ఇదొక్కటే.

మైదుకూరు: మూడు స్పానర్లు

పొద్దు వాలే వేళకు మైదుకూరు చేరాం. పాత బండ్ల సామాన్ల షాపు తెరిచే ఉంది. యజమాని సుబ్బరాయుడు మెత్తటి మనిషి. అడ్జస్టబుల్ రాడ్ల జత అరలోంచి తీసి దుమ్ము దులిపి ఇచ్చాడు.

"మెకానిక్ ఎవరైనా ఉన్నారా?" అన్నాను.

"మాఘమాసం కదా అబ్బీ," అన్నాడు మా ఆయనతో. "అందరూ పెండ్లిండ్లకు పోయినారు. రేపు సాయంత్రానికి వస్తారు. స్పానర్లు కావాలంటే నేనిస్తా."

నేను హెల్మెట్ పక్కన పెట్టి అట్టముక్క తీశాను. మస్తాన్ భాయ్ ఫోన్ ఎత్తాడు. జరిగింది చెప్పాను. ఆయన గెలిచినట్టు మాట్లాడతాడనుకున్నాను, మాట్లాడలేదు.

"ఉండక్కా, స్పీకర్‌లో పెడతా. ఓబులేసు గూడా ఈడనే ఉండాడు, టీ తాగుతాండాం."

మధ్యాహ్నం వాళ్ళిద్దరి కోసం నంద్యాలలో రోడ్డుకు రెండువైపులా మనుషులు కొట్టుకునేంత పని చేశారు. బహుశా ఇంకా చేస్తూనే ఉన్నారేమో.

"అక్కా, ఆ రాడ్డు పారేయొద్దు," అని ఓబులేసు గొంతు వినిపించింది. "ఇంగ రవ్వంత గీకింటే సరిపోయేది."

మస్తాన్ భాయ్ చెబుతుంటే పైమూతలు విప్పి, పాత రాడ్లు తీసి కొత్తవి దించాను. "పిస్టన్ పైకి రావాల, రెండు వాల్వులూ మూసుకోవాల. ఇప్పుడు రాడ్డును రెండు వేళ్ళతో తిప్పు. దారం కండె మాదిరి తిరగాల. పైకీ కిందికీ మాత్రం ఊగగూడదు. అట్ల వచ్చినాక నట్టు బిగించు. మూడు స్పానర్లు పట్టాల."

మూడు స్పానర్లు! ఒకటి కింద కదలకుండా పట్టుకోవాలి, ఒకటి రాడ్డు పొడుగు సరిచేయాలి, ఒకటి నట్టు బిగించాలి. నాకు దేవుడు రెండే చేతులిచ్చాడు. మా ఆయన వైపు చూశాను. ఆయన చొక్కా చేతులు మడిచి వచ్చి నేల మీద కూర్చున్నారు.

మొదటిసారి బిగించాక బండి లేవలేదు. బిగువైపోయింది. రెండోసారి స్పానర్ జారి ఆయన వేలి కణుపు చీరుకుపోయింది. ఆయన వేలు నోట్లో పెట్టుకొని ఇంజన్ లోపలికి వంగి చూశారు.

"రూతూ, నువ్వు సరిగ్గానే పెడుతున్నావు. నట్టు బిగించేటప్పుడు నా కింది స్పానర్ కదిలి అంతా మారిపోతోంది. ఈసారి దాన్ని రెండు చేతులతో పట్టుకుంటా. నువ్వు మిగతా రెండూ చూసుకో."

ఇరవయ్యేళ్ళ సంసారంలో ఏదో ఒకటి తన వల్ల కదులుతోందని ఆయన చెప్పడం అదే మొదలు. చుట్టూ చేరిన పదిమందీ ఆయనకే సలహాలిస్తున్నారు. "అన్నా, ఎడమకు తిప్పు. అన్నా, కుడికి తిప్పు." ఆయన తిప్పడానికేమీ లేదు, గట్టిగా పట్టుకొని కూర్చున్నారు. నేను బిగించాను. వేళ్ళతో రాడ్డును తిప్పి చూశాను. నూనెలో కండెలా తిరిగింది. పైకీ కిందికీ ఊగలేదు.

ఒక్క కిక్కుకే లేచింది. సన్నగా టకటక వినబడుతూనే ఉంది. ఆ చప్పుడు వింటే ప్రాణం లేచొచ్చింది.

"భలే సెట్ చేసినావన్నా! ఏ ఊళ్ళో మెకానిక్కు నువ్వు?" అని ఒకతను మా ఆయన భుజం తట్టాడు.

మా ఆయన నా వైపు చూశారు. నేను స్పానర్లు తుడుస్తున్నాను. "ఏదో... మేం చేసుకున్నాం," అన్నారు.

కడప: కారం దోశ

రాత్రి మైదుకూరులోనే పడుకొని, తెల్లవారకముందే బయలుదేరి కడపలో దోశ కోసం ఆగాం. కడప కారం దోశ గురించి నిజాయితీగా చెప్పాలి. ఎర్రకారం పూసి, పైన పప్పులపొడి చల్లి, పక్కన బొంబాయి చట్నీ పెడతారు. దాని ముందు మా కర్నూలు దోశ జ్వరమొచ్చిన మనిషిలా ఉంటుంది. ఈ వాక్యం మా ఊళ్ళో ఎవరికీ చదివి వినిపించకండి.

చెయ్యి కడుక్కొని వచ్చేసరికి బండి చుట్టూ ముగ్గురున్నారు. మధ్యలో మా ఆయన.

"ఫిక్స్‌డ్ మంచిదాన్నా, అడ్జస్టబులా?"

"ఫిక్స్‌డా!" అన్నారు ఆయన జాలిగా. "తెలివున్నవాడెవడైనా ఫిక్స్‌డ్ వేస్తాడా? దారం కండె మాదిరి తిరగాల. ఊగగూడదు. అదే సూత్రం."

నిన్న మధ్యాహ్నం నంద్యాలలో తన ఏ మాటకు చప్పట్లు మోగాయో ఆయనకు ఒక్క ముక్క గుర్తులేదు. రాష్ట్రంలో పెద్ద పెద్దవాళ్ళే రాత్రికి రాత్రి పార్టీ మారి పొద్దున అదే గొంతుతో మాట్లాడుతుంటే, కాలేజీ సూపరింటెండెంటును తప్పుపట్టడం న్యాయం కాదనుకొని హెల్మెట్ పెట్టుకున్నాను.

మంగంపేట: గుడి ముందు

రాజంపేట దాటాక మామిడి, అరటి తోటలు మొదలయ్యాయి. మా పడమటి వైపు నుంచి వచ్చిన కంటికి అంత పచ్చదనం కాస్త ఆడంబరంగా అనిపిస్తుంది. తర్వాత మంగంపేట. లారీలు తిరిగీ తిరిగీ ఇళ్ళ కప్పుల మీద, చెట్ల ఆకుల మీద, కుక్కల వీపుల మీద కూడా ముగ్గురాయి దుమ్ము పేరుకొని ఉంటుంది. అక్కడివాళ్ళకది కనబడదు.

అన్నయ్య ఇంటిముందు పూలు కట్టిన కారు సిద్ధంగా ఉంది. చప్పుడు విని షారోన్ గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. తెల్లచీర, తలమీద ముసుగు, కాళ్ళకు ఇంకా ఇంటి చెప్పులే. అన్నయ్య వెనకాలే వచ్చి నిలబడ్డాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి అట్లే ఉంచాడు.

"వచ్చిందే ఇది," అన్నాడు. కారు డ్రైవరు వైపు తిరిగి, "నువ్వు ముసలోల్లను ఎక్కించుకో అబ్బీ," అన్నాడు.

షారోన్‌ను వెనక కూర్చోబెట్టుకొని గుడికి తీసుకుపోయాను. పెళ్ళికొడుకు ఇమ్మానియేలు, కోడూరులో స్కూలు టీచరు, మెట్ల మీద నోరు తెరుచుకొని చూశాడు.

పాస్టరుగారు మంచి మనిషి, గొంతు ఇంకా మంచిది. వాక్యం ముప్పావు గంట చెప్పారు. అందులో పెళ్ళికొడుకు భాగానికి మూడు నిమిషాలు వచ్చాయి. మిగతాదంతా షారోన్‌కే. "అమ్మా, కాపురమంటే సర్దుకుపోవడం. అత్తగారి దగ్గర సర్దుకుపోవాలి. ఆడబిడ్డ దగ్గర సర్దుకుపోవాలి. భర్త కోపంలో ఉంటే సర్దుకుపోవాలి." వెనక వరుసల్లో ఆడవాళ్ళు విసనకర్రలు ఊపుకుంటూ కూర్చున్నారు. అది వాళ్ళందరూ తమ తమ పెళ్ళిళ్ళలో విన్నదే.

గుడి బయటికి వచ్చాక కొత్త జంట బండి మీదే పోవాలని కుర్రకారు పట్టుబట్టారు. ఇమ్మానియేలు కోటు సరిచేసుకొని ఎక్కాడు. కిక్కు కొట్టాడు, లేవలేదు. మళ్ళీ కొట్టాడు. నాలుగోసారి బండి ఎగతన్నితే అతని కొత్త బూటు ఎగిరి పూలకుండీలో పడింది.

షారోన్ చేతిలోని పూలగుత్తి అతనికిచ్చింది. వేసవి సెలవుల్లో కర్నూలు వచ్చినప్పుడు బడి గ్రౌండులో దానికి ఈ బండి నడపడం నేనే నేర్పాను. చీర కుచ్చిళ్ళు ఎత్తి నడుముకు దోపుకుంది, ముసుగు వెనక్కి వేసుకుంది, కిక్కును మెల్లగా సగం దాకా దించి, ఒక్క తొక్కు తొక్కింది. బండి లేచింది.

ఇమ్మానియేలు బూటు తొడుక్కొని, పూలగుత్తి రెండు చేతులతో పట్టుకొని వెనక ఎక్కాడు. సీటు చిన్నది. అతను సగానికి పైగా ఆక్రమించి కూర్చున్నాడు. షారోన్‌కు చేతులు కదపడానికి చోటు లేదు.

మెట్ల మీద నుంచి చూస్తున్న పాస్టరుగారు, ఎంతో ఆప్యాయంగా, గుడంతా వినబడే ఆ గొంతుతోనే అన్నారు:

"అమ్మాయికి ఇబ్బందిగా ఉంది, కొంచెం సర్దుకో నాయనా."

ఆయనకు తానేమన్నారో తెలియలేదు. ముందు నవ్వింది మా ఆయన. తర్వాత వెనక వరుసల ఆడవాళ్ళు.

ఇమ్మానియేలు సర్దుకున్నాడు. బండి కదిలింది.